దిగే స్టేజీ

పాసు ఆరువేల నాలుగొందలు.
పదిహేను రోజులు, ఏ రైలైనా, ఎన్నిసార్లైనా.
అంజుం ఆ కాగితాన్ని
నా చాయ్ సాసర్ కిందికి తోసి
"లెక్క నువ్వే జెయ్యి, కండక్టరమ్మవు గదా" అన్నది.

పోయినేడు క్యాలెండర్ చింపి
ఫిబ్రవరి వెనక రాసిన.
నల్లగొండ నుంచి గూడూరు, గూడూరు నుంచి మధురై,
రామేశ్వరం, కన్యాకుమారి, మళ్ల వాపస్.
విడివిడిగ కొంటే అయిదువేల నూటయాభై.
ఇరవై ఏడేండ్ల అలవాటు,
కూడిక అయిపోంగనే
బొటనవేలు గాలిల టికెట్ చింపుతది.

"పన్నెండొందల యాభై లాసు" అన్న.
"లాసు గాదు, ఇంకింత తిరగాలె, గంతే" అన్నది అంజుం.
పెద్ద దవాఖానల నైట్ డ్యూటీలు చేసిన మనిషి,
నిద్ర లేకపోవుడు దానికొక కష్టమే గాదు.
పూరీ కలుపు అన్నది.
రాత్రిళ్లు రైల్లనే పండుకుంటే
లాడ్జి పైసలు మిగుల్తయి అన్నది.

కలిపిన. ఏడువేల ఇరవై.
పాసు గెలిచింది, ఆరొందల ఇరవైతోటి.
పూరీకి జాగ చెయ్యాలంటే మాత్రం
రామేశ్వరంల మూడు గంటలే.
కన్యాకుమారిల పొద్దు పొడుసుడు చూస్తం,
గుంకుడు చూడం,
మూడింటికి బండి.
"అదే పొద్దు గదనే,
కిటికీల కెల్లి చూద్దాం."

కిటికీ అనంగనే
గుర్రంపోడు పోరడు యాదికొచ్చిండు.
పరమేశు. పాలిటెక్నిక్ పాసు.
మూలలు నలిగి, ఫోటోల మొఖం సగం అరిగిపోయి.
ఆదివారం గూడ ఎక్కుతుండె.
"సెలవు గదరా, ఏడికి?"
"పాసుంది గద మేడం."
దేవరకొండ దాంక పోతుండె, దిగకపోతుండె,
అదే బండిల తిరిగొచ్చి
ఎక్కిన కాన్నే దిగుతుండె.
కనగల్లు, మల్లేపల్లి, నిమ్మతోటలు, గుట్టలు
ఆడు చూసినట్టు ఎవలూ చూడలే.
ఓసారి డేటు దాటింది.
మడిచి ఆని జేబులనే పెట్టిన,
చెకింగోళ్లు ఎక్కలే, బతికిపోయినం.

ఆని లెక్కన చూస్తే
పాసు కొనాలె.

మరి నా లెక్క?
డిండి కట్ట కాడ బండి పది నిమిషాలు ఆగేది.
జనం దిగి నీళ్ల దిక్కు నడిసేటోళ్లు,
చెప్పులు చేతుల పట్టుకొని, పిల్లల్ని ఎత్తుకొని.
నేను సీట్ల కూసోని
వేబిల్లు రాసుకుంటుంటి,
చిల్లర దొంతులు పేర్చుకుంటుంటి.
ఎన్ని ట్రిప్పులో! ఆ నీళ్లు
సల్లగుంటయా, ఉప్పగుంటయా
ఇప్పటికీ తెల్వది.
ఉప్పగ ఎందుకుంటయి అని నవ్వకుండ్రి,
ముంచి చూసినోళ్లకు గద తెలిసేది.

ఎన్నిసార్లైనా ఎక్కుడు
ఆ కాగితం ఇస్తనంటున్నది.
ఎక్కుడు నాకు సర్కారే ఇచ్చింది,
జీతమిచ్చి మరీ.

పొద్దున్నే స్టేషన్‌కు పోయినం.
కౌంటర్ల పిల్లగాడు ఇంకా కండ్లు నులుముకుంటున్నడు.
"పాసా అమ్మా? ఎన్నిరోజులది?"
అంజుం నా మోచేతిని పొడిచింది.
"ఇద్దరికి, రామేశ్వరం" అన్న,
"మధ్యల బండి మారినా సరే."
"రిటర్న్?"
ఆ మాటకు ఆగిన.
ఎనక లైన్ల ఎవలో దగ్గిండ్రు.
ఎవలన్న నోటు పట్టుకొని ఆలోచిస్తుంటే
జల్ది జల్ది అని నేనెంత కసిరిన్నో.
"ఆడికి పోయినంక చూసుకుంటం బిడ్డా."

అంజుం రెండు గంటలు మాట్లాడలే.
పాసు కాగితాన్ని పొట్లం చుట్టి
ప్లాట్‌ఫారం మీద పల్లీలు పోయించుకున్నది,
నాకు పెట్టలే.
తర్వాత పెట్టింది,
మాడినయి ఏరి పెట్టింది.

ఫలక్‌నుమా వచ్చింది, నిండుగ.
ఎక్కేటోళ్లు ఎక్కిండ్రు, దిగేటోళ్లు దిగిండ్రు.
గార్డు పచ్చ జెండా ఊపంగనే
"రైట్, రైట్" నా నోటి దాంక వచ్చింది.
పల్లీతోటి కలిపి
నమిలి మింగిన.